పీకేసిన స్టిక్కరు

"అడిగితే మాత్రం చెప్పెయ్యడమేనా?" అన్నాడు అన్నయ్య.

పొద్దున్నుంచి ఈ మాట అనడం ఇది నాలుగోసారి. మొదటిసారి గొంతు పెంచి అన్నాడు. రెండోసారి నవ్వులాటగా అనబోయాడు గానీ నవ్వు రాలేదు. మూడోసారి పెళ్ళాంతో అన్నాడు. ఇప్పుడు ఎవరి మొహమూ చూడకుండా, బల్ల మీదున్న ఉత్తరంతో అంటున్నాడు.

ఉత్తరం కారు తయారుచేసిన కంపెనీ నుంచి వచ్చింది. మూడే వాక్యాలు. బండి మా ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో దానికే మేము పూచీ. మీరు పంపిన ఫారంలో బండి మొత్తానికీ బయటి మనిషి మళ్ళీ రంగు వేసినట్టు రాశారు. కాబట్టి ఈ బండి మీ దేశపు భద్రతా నియమాల ప్రకారం తయారైందని ఇప్పుడు రాసివ్వలేము, పోయిన స్టిక్కరు బదులు కొత్తది పంపలేము.

బల్లకు ఆ చివర చెల్లెలు రొట్టెముక్కకి వెన్న రాస్తోంది. చిన్నప్పుడు ఒక్క క్షణం కుదురుగా ఉండేది కాదని అన్నయ్య పెట్టిన పేరు బొంగరం. పెళ్ళయినా, నర్సు అయినా, ముప్పై ఆరేళ్ళు వచ్చినా ఈ ఇంట్లో ఆ పేరు పోలేదు. ఎనిమిది నెలల కిందట మొగుడు పోయాక బొంగరం తిరగడం మానేసింది. రాసిన చోటే మళ్ళీ వెన్న రాస్తోంది. వదిన చూసి, కత్తి మెల్లగా తన వైపు లాక్కుంది.

"ఫారం నింపింది నువ్వు కదా," అన్నాడు అన్నయ్య వదినతో. "లేదు అని ఒక్క ముక్క కొడితే పోయేది."

"ఆయన చెప్పారు, నేను కొట్టాను."

అది నిజమే. వదిన ఇరవై ఏళ్ళుగా స్కూలు ఆఫీసులో పనిచేస్తోంది. ఎవరేం చెబితే అది అక్షరం పొల్లు పోకుండా టైపు చేయడం ఆవిడ చేతికి అలవాటైపోయింది. బండికి ఎప్పుడైనా రంగు వేయించారా అని ఫారం అడిగింది. పక్కన కూర్చున్న పెద్దాయన మొహం వెలిగిపోయింది. మొత్తం వేశాను, తలుపుల లోపలి కంబాలతో సహా, ఎనిమిది పూతలు, నేనే, అని చెప్పారు. వదిన అన్నీ కొట్టింది. చివర "నేనే" కూడా కొట్టింది.

పెద్దాయన అంటే బొంగరానికి మామగారు. నలభై ఏళ్ళు కార్లకు రంగులు వేసిన మనిషి. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు, వాడు పోయాడు. కోడలు సరిహద్దు దాటి అన్నగారి ఇంటికి వచ్చేస్తుంటే, ఆ కారులోనే పక్క సీట్లో కూర్చుని ఆయనా వచ్చేశారు. ఇప్పుడు పెరట్లో మెత్తటి గుడ్డతో ఆ కారునే తుడుస్తున్నారు. తుడవడానికి అక్కడ దుమ్మేమీ లేదు. తలుపు మూసి ఉన్నా ఈ మాటలన్నీ ఆయనకి వినబడుతూనే ఉంటాయి.

చిక్కంతా ఆ రంగుతోనే వచ్చింది. కొడుకు పోయాక నలభై రోజులు ఆయన షెడ్డులోంచి బయటికి రాలేదు. కోడలు కొత్త దేశానికి పాత బండిలో వెళ్ళకూడదని లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, కోటు మీద కోటు కొట్టారు. డ్రైవరు తలుపు తీస్తే లోపల కంబం మీద ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. దాన్ని కూడా పీకేసి కొట్టారు. రంగులవాళ్ళ పద్ధతి అదే, స్టిక్కరు ఉంచి చుట్టూ కొట్టేవాడు పనివాడు కాదు అని ఇక్కడ అందరికీ చెప్పారు. ఈ బండి ఏ దేశపు భద్రతా నియమాలకు సరిపోతుందో రాసి ఉండేది ఆ స్టిక్కరు మీదే.

తనిఖీ కేంద్రంలో మిగతావన్నీ నెగ్గాయి. వేగం చూపించే ముల్లు ఇక్కడి కొలతకి మార్చారు. పగలు కూడా వెలిగే దీపాలు పెట్టించారు. బెల్టులు లాగి చూశారు, పిల్లల సీటు తగిలించే కొక్కేలు వెతికి చూశారు. చివరికి తనిఖీ అధికారి తలుపు తీసి, కంబం వంక చూసి, వేలితో ఒకసారి నిమిరాడు. అద్దంలా ఉంది. ఎంత బాగుందంటే అతనికి అనుమానం వచ్చింది. రంగు మందం కొలిచే పరికరం తెచ్చి పెట్టాడు. అంకె రెట్టింపు చూపించింది. ఇంత శ్రద్ధగా కప్పారంటే కింద ఏదో పెద్ద ప్రమాదం దాగి ఉండాలి అన్నాడు. పెద్దాయన ఆ మాటని ముందు మెచ్చుకోలు అనుకుని తల వంచి నవ్వారు.

అన్నయ్య ఆ రోజు అక్కడే ఉన్నాడు, నోరెత్తలేదు. అతని ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. ఎంతమంది ఎక్కచ్చో చెప్పే రేకు లేకపోతే, లిఫ్టు ఎంత బాగున్నా తాళం వేసి సీలు కొట్టి వచ్చేస్తాడు. అలాంటివాడు ఏ మొహం పెట్టుకుని వాదిస్తాడు?

ఇప్పుడు మిగిలింది రెండు రోజులు. బండిని ముప్పై రోజుల పర్మిట్ మీద లోపలికి రానిచ్చారు. ఆ గడువులోగా తనిఖీ నెగ్గకపోతే వచ్చిన దారినే వెనక్కి పంపాలి, లేదా నుజ్జు చేసే యార్డుకి అప్పగించాలి.

కారు పోతే కారుతో పోదు. ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే నర్సు ఉద్యోగం బొంగరానికి సోమవారం నుంచి ఖాయమైంది. సొంత బండి ఉండాలి, దానికి ఇక్కడి నంబరు ఉండాలి అనేది ఆ ఆఫీసు షరతు. ఉద్యోగంతో పాటు రెండు గదుల ఇల్లు ఇస్తామన్నారు. తనూ మామగారూ అక్కడికి మారిపోవచ్చని అనుకున్నారు. అది కాస్తా అయిపోయింది. ఈ ఇంట్లో ఉన్నవి రెండు పడకగదులు. అన్నయ్య కూతురు పరీక్షల పుస్తకాలు పట్టుకుని తల్లిదండ్రుల మంచం పక్కన నేల మీద పడుకుంటోంది. ఆ పిల్ల గదిలో బొంగరం ఉంటోంది. హాల్లో సోఫా మీద మామగారు కాళ్ళు ముడుచుకుని పడుకుంటారు.

అన్నయ్య లేచి తలుపు తీశాడు. "మామయ్యగారూ, ఒకసారి లోపలికి వస్తారా?"

పెద్దాయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

అన్నయ్య చెడ్డవాడు కాడు. చెప్పాల్సింది మర్యాదగానే చెప్పాడు. అక్కడ మీ వర్క్‌షాపు ఇప్పుడు మీ శిష్యుడి చేతిలోనే ఉంది కదా, పైన గది ఖాళీగా ఉంది, ఎప్పుడైనా రండి అన్నాడని మీరే చెప్పారు, బండి ఎలాగూ వెనక్కి వెళ్ళాలి, బండితో పాటు మీరూ వెళితే మీకు అలవాటైన చోటు, తెలిసిన మనుషులు, ఇక్కడ సోఫా మీద మీకూ సుఖం లేదు. తన ఇంట్లో చోటు లేదు అన్న ముక్క మాత్రం అతను అనలేదు. మిగతా అన్ని మాటలూ దాని చుట్టూ తిరిగాయి.

"అలాగే బాబూ," అన్నారు పెద్దాయన.

ఇంత తేలిగ్గా తేలిపోతుందని అన్నయ్య అనుకోలేదు. ఇంకా చెబుదామని దాచుకున్న కారణాలు అతని దగ్గర మిగిలిపోయాయి.

"బండిని మాత్రం నుజ్జు చేయించకండి," అన్నారు పెద్దాయన. "అదొక్కటే."

అప్పుడు నోరు విప్పాల్సింది బొంగరం. ఆ సంగతి ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. అన్నయ్య చెల్లెలి వంక చూశాడు. వదిన చూసింది. పెద్దాయన చూడలేదు, అది ఆయన పెద్దరికం.

బొంగరం తన ప్లేటు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళింది. కుళాయి తిప్పింది. వద్దు అనాలని ఆమెకు తెలుసు. ఎందుకు వద్దో కూడా తెలుసు. ఆ తెలియడం ఎక్కడో పక్క గదిలో జరుగుతున్నట్టుంది. ఈ ఎనిమిది నెలల్లో ఆమెకు అన్నీ ఇలాగే తెలుస్తున్నాయి. కాలు కొట్టుకుంటే కొట్టుకుందని తెలుస్తుంది, అంతే. ప్లేటు కడిగింది, తుడిచింది, పెట్టింది. వెనక అన్నయ్య, సరే అయితే, అనడం వినబడింది.

మధ్యాహ్నం వదిన ఆరిన బట్టలు తెచ్చి మంచం మీద కుమ్మరించింది. ఇద్దరూ మడతపెట్టడానికి కూర్చున్నారు.  బొంగరం మడతలు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటాయి, అంచుకి అంచు అతుక్కుపోతాయి. వదిన మడతలు వాటి పక్కన చూస్తే ఎవరో తొక్కినట్టు ఉంటాయి.

పెద్దాయన చొక్కా చేతికి వచ్చింది. వదిన మడవకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదిగో, నేను చెడ్డదాన్ననే అనుకో. నా కూతురు నేల మీద పడుకుంటే నాకు బాధే, ఆయన వెళితే నాకు తెరిపిగానే ఉంటుంది. ఆ మాట దాచను."

బొంగరం తల ఊపింది.

"కానీ ఆయన వెళ్ళడం నీకు ఇష్టమా? నువ్వు వద్దంటే మీ అన్నయ్య పంపడు. రెండు రోజులు ధుమధుమలాడి ఊరుకుంటాడు. నువ్వు ఏమీ అనకపోతే మాత్రం నువ్వు ఒప్పుకున్నావనే అనుకుంటాడు. ఆయనా అలాగే అనుకుంటారు."

"ఏమో వదినా."

"ఏమో ఏంటి?"

"ఏదీ ఇష్టం అనిపించట్లేదు. అయిష్టంగానూ లేదు."

 వదిన చొక్కా మడిచి, మడత సరిగ్గా రాలేదని ఆమెకే ఇచ్చింది. బొంగరం విప్పి మళ్ళీ మడిచింది. అంతకు మించి ఆ మధ్యాహ్నం ఏమీ జరగలేదు. చూసేవాళ్ళకి ఇద్దరు ఆడవాళ్ళు హాయిగా పని చేసుకుంటున్నట్టే ఉండి ఉంటుంది.

సాయంత్రం టీ వేళకి కొత్త తలనొప్పి వచ్చింది. అన్నయ్య పర్మిట్ కాగితం వెనకవైపు చదివాడు. ముందువైపు చదివి ఊరుకోవడం అతని వృత్తిలో లేదు. ఈ బండిని తెచ్చుకున్న మనిషి తప్ప మరెవరూ ఈ దేశపు రోడ్ల మీద నడపకూడదు అని సన్న అక్షరాల్లో ఉంది. తెచ్చుకున్నది బొంగరం. అంటే పెద్దాయన నడుపుకుంటూ వెళ్ళడం కుదరదు, అన్నయ్య దిగబెట్టడం కుదరదు. సరిహద్దు దాకా బొంగరమే నడపాలి, గేటు అవతల శిష్యుడికి తాళం ఇచ్చి, బస్సులో తిరిగి రావాలి.

"నడపగలవా?" అన్నాడు అన్నయ్య. "నాలుగు గంటల దారి."

"నడుపుతాను."

ఆ రోజు మొత్తంలో ఆమె ఆలోచించకుండా అన్న మాట అదొక్కటే. అన్నయ్యకి కాస్త ఊరట కలిగింది. బండిని బయటికి పంపే ఫారం తనే తీసుకుని నింపాడు. లిఫ్టు రిపోర్టులు రాసే చెయ్యి, ప్రతి అక్షరం గడిలోనే నిలబడుతుంది. వెళ్ళేవారు అన్న గడిలో రెండు వేశాడు. తిరిగి వచ్చేవారు అన్న గడిలో ఒకటి వేశాడు. వేసేటప్పుడు అతని చెయ్యి ఆగిందో లేదో ఎవరూ చూడలేదు. కింద ఇంటి యజమాని గడిలో సంతకం పెట్టాడు. పెద్దాయన టీ గ్లాసు కడిగి బోర్లించి వచ్చారు. ఈ ఇంట్లో ఆయన తన గ్లాసు ఎవరినీ కడగనివ్వరు.

మర్నాడు పొద్దున ఏడింటికి బయల్దేరారు. పెద్దాయన సామాను ఒక సూట్‌కేసు, ఒక స్ప్రే గన్ పెట్టె. అన్నయ్య రెండూ తనే మోసి డిక్కీలో పెట్టాడు. వదిన ఒక సంచి తెచ్చి వెనక సీట్లో పెట్టింది. పెద్దాయన అందరికీ దణ్ణం పెట్టారు. ఎవరూ తిరిగి ఎప్పుడు వస్తారు అని అడగలేదు. ఎవరికైనా అలవాటుగా నోటికి వచ్చే మాటే అది. అందరూ జాగ్రత్తగా మింగేశారు.

 ఊరు దాటింది, గోదాములు దాటాయి, పెట్రోలు బంకులు దాటాయి. బొంగరం నిబంధన ప్రకారం నడుపుతోంది. పక్క సీట్లో మామగారు డ్యాష్‌బోర్డు మీద లేని దుమ్మును బొటనవేలితో తీస్తున్నారు.

"ఆ స్టిక్కరు సంగతి నాకు తెలుసమ్మా," అన్నారు ఉన్నట్టుండి.

"ఏం తెలుసు మామయ్యా?"

"తియ్యకూడదని. నాకు చదవడం రాలేదు గానీ నంబరు ఉంది, కంపెనీ ముద్ర ఉంది. అలాంటివి ఊరికే అంటించరు. షోకుకి అంటించే స్టిక్కర్లు పీకుతాను. ఇలాంటిది నలభై ఏళ్ళలో ఒక్కటి కూడా పీకలేదు. చుట్టూ టేపు వేసి కొట్టేవాణ్ణి."

బొంగరం రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"దీనికీ టేపు వేశాను. కొట్టాను కూడా. టేపు తీసి చూస్తే చుట్టూ సన్నగా గీత కనబడింది. ఇంకెవరికీ కనబడదు. నాకు కనబడుతుంది. వాడి బండికి ఆ గీత వదలడానికి చెయ్యి రాలేదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు పీకేశాను." ఆయన జేబులో గుడ్డని తడుముకున్నారు. "మీ అన్నయ్యకి ఇది చెప్పలేకపోయాను. తెలియక చేశానంటే పోనీలే అనుకుంటారు. తెలిసి చేశానంటే ఏమనుకుంటారు? నీ ఉద్యోగం పోయింది, ఇల్లు పోయింది. నేను వెళ్ళడం న్యాయమే."

ఒక లారీ వెనక చాలాసేపు నెమ్మదిగా వెళ్ళారు. దాటడానికి చోటు ఉంది. ఆమె దాటలేదు.

"ఆ రోజు ఆయన పోయింది పొద్దున ఆరున్నరకి," అంది బొంగరం.

మామగారి బొటనవేలు డ్యాష్‌బోర్డు మీద ఆగిపోయింది.

"మీకు ఫోన్ చేసింది ఎనిమిదింటికి. ఇప్పుడే పోయారని చెప్పాను. అది అబద్ధం. గంటన్నర ముందే పోయారు." గొంతు ఎప్పటిలాగే చదునుగా ఉంది, రోగి వివరాలు పక్క షిఫ్టు నర్సుకి అప్పజెబుతున్నట్టు. "ఒళ్ళు తుడిచాను. గడ్డం గీశాను. పదకొండు రోజుల జ్వరంలో బాగా పెరిగింది కదా. పక్క మార్చాను. దుప్పటి మూలలు ఆస్పత్రిలో మడిచినట్టు మడిచాను. ఒక మూల సరిగ్గా రాలేదు. విప్పి మళ్ళీ మడిచాను. మీరు పక్క వీధిలోనే ఉన్నారు. పిలిస్తే అయిదు నిమిషాల్లో వచ్చేవారు. నేను మూల మడుస్తూ కూర్చున్నాను."

"తెలుసమ్మా," అన్నారు మామగారు.

ఆమె మొదటిసారి ఆయన వంక చూసింది.

"నేను వచ్చి పట్టుకునేసరికి వాడి చెయ్యి చల్లగా ఉంది. ఇప్పుడే పోయినవాడి చెయ్యి అలా ఉండదు. అప్పుడు దుప్పటి వంక చూశాను." ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "బాగా మడిచావు."

ఏడుపు వస్తుందేమో అని ఆమె చూసుకుంది. రాలేదు. ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పని మాట చెప్పేసింది, ఆకాశం విరిగి పడలేదు. ఈయనకి మొదటి రోజే తెలుసు. తెలిసీ ఈయన ఈ బండి ఎక్కి తన వెంట వచ్చారు. ఆ సోఫా మీద కాళ్ళు ముడుచుకుని పడుకున్నారు. ఇది ఆమె లోపలికి మెల్లగా దిగింది. ఆమెకు సిగ్గేసింది. నిన్న సింకు దగ్గర ప్లేటు కడుగుతూ నిలబడినందుకు ఒళ్ళంతా సిగ్గేసింది. అది ఈసారి పక్క గదిలో జరగలేదు.

"మామయ్యా, ఆకలేస్తోంది," అంది.

బండి పక్కకి ఆపి వదిన ఇచ్చిన సంచి తీశారు. రొట్టె పొట్లాలు నాలుగు ఉన్నాయి. తలా ఒకటి తిన్నారు. మిగిలిన రెండింటి వంక చూసి, తిరుగు దారికి ఒక్కటి చాలు కదా, వదిన లెక్క తప్పే మనిషి కాదే అనుకుంది బొంగరం. మామగారు తిన్న చేతులతో తలుపు ముట్టుకోకుండా మోచేత్తో తోశారు. ఆమెకు నవ్వొచ్చింది గానీ, ఎలా నవ్వాలో గుర్తుకొచ్చేలోగా దాటిపోయింది.

సరిహద్దు చేరేసరికి పదకొండున్నర. పొడుగాటి రేకుల షెడ్డు కింద నాలుగు వరుసల బండ్లు నిలబడ్డాయి. గేటు అవతల, చేతులు నడుముకి ఆనించుకుని శిష్యుడు కనబడుతున్నాడు. పెద్దాయన్ని చూసి చెయ్యి ఊపాడు. ఆయన కూడా ఊపారు.

కౌంటరు దగ్గర కూర్చున్న అధికారిణి వయసులో బొంగరం కన్నా చిన్నదే. పర్మిట్ చూసింది, బండి నంబరు చూసింది. బయటికి వచ్చి ఒక చుట్టు తిరిగింది. కొత్త బండిని ఎందుకు వెనక్కి పంపేస్తున్నారు అని అడిగింది. కొత్తది కాదండీ తొమ్మిదేళ్ళు అన్నారు మామగారు. ఆవిడ నమ్మలేదు. కాగితంలో సంవత్సరం చూసుకుని, బానెట్ మీద వేలు పెట్టబోయి, ఆయన మొహం చూసి వెనక్కి తీసుకుంది.

తర్వాత ఫారం చూసింది.

"తిరిగి వచ్చేది ఒక్కరేనా? ఎవరు?"

"మా కోడలు," అన్నారు మామగారు.

"అయితే మీ నివాసం కార్డు ఇక్కడ ఇచ్చెయ్యాలి. రద్దు చేస్తాం. తర్వాత రావాలంటే మళ్ళీ మొదటి నుంచీ పెట్టుకోవాలి."

ఈ సంగతి అన్నయ్య చదివిన సన్న అక్షరాల్లో లేదు.  మామగారు చొక్కా జేబులో చెయ్యి పెట్టారు. మెత్తటి గుడ్డ ముందు వచ్చింది. దాన్ని మళ్ళీ లోపల పెట్టి, కార్డు తీసి కౌంటరు మీద పెట్టారు. అధికారిణి చిల్లులు పొడిచే మిషను దగ్గరికి లాక్కుంది.

బొంగరం కార్డు మీద అరచెయ్యి వేసింది.

"ఇవ్వక్కర్లేదు," అంది. అధికారిణి తల ఎత్తి చూసింది. మామగారు, అమ్మా, అనబోయారు. "ఫారంలో తప్పు పడింది. ఇద్దరం వస్తాం."

"దిద్ది పక్కన సంతకం చెయ్యండి."

అన్నయ్య గడిలో నిలబెట్టిన ఒకటిని ఆమె అడ్డంగా కొట్టేసింది. పక్కన రెండు వేసింది. సంతకం పెట్టింది. అది గడి దాటిపోయింది.

"అమ్మా, మీ అన్నయ్య..." అన్నారు మామగారు.

"మీరు వెళ్ళి మీ శిష్యుడికి తాళం ఇచ్చి రండి మామయ్యా. బండి ఎలా చూసుకోవాలో చెప్పండి."

"అది కాదమ్మా. నేను చేసిన పనికి..."

"ఇద్దరం చేశాం. వెళ్ళండి."

ఆయన వెళ్ళలేదు. కౌంటరు అంచు పట్టుకుని అక్కడే నిలబడ్డారు. అధికారిణి మిషను పక్కకి జరిపి ఫారం చివరిదాకా చదివింది. కింద ఒక గడి దగ్గర వేలు పెట్టింది. ఇక్కడ ఉండే చిరునామా అన్నయ్య ఇల్లే. ఇంటి యజమాని ఒక్కరికే ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాడు. ఇద్దరంటే ఆయన ఒప్పుకోవాలి. ఇంత దూరం నుంచి సంతకం కుదరదు కాబట్టి ఫోన్లో నాకు చెప్పినా చాలు, లేదా వేరే చిరునామా ఏదైనా ఉంటే రాయండి, అంది. వెనక వరుసలో ఎవరో హారను కొట్టారు.

వేరే చిరునామా అంటే ఉద్యోగంతో ఇస్తామన్న ఆ రెండు గదుల ఇంటిదే. అది ఇక రాదు.

బొంగరం ఫోను తీసింది. రెండోసారి మోగగానే అన్నయ్య ఎత్తాడు. వెనక ఎక్కడో లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినబడింది. దారిలో ఇబ్బందేమీ కాలేదు కదా, బస్సు ఎన్నింటికి, నేను స్టాండుకి రానా అని వరసగా అడిగాడు. ఆమె అన్నీ అడగనిచ్చింది.

"అన్నయ్యా, మామయ్యని వెనక్కి తీసుకొస్తున్నాను," అంది. "నిన్ననే చెప్పాల్సింది. చెప్పలేదు. నువ్వు ఊఁ అంటే నీ ఇంటికే వస్తాం. అనకపోతే ఎక్కడికి వస్తామో నాకు తెలీదు. కానీ ఇద్దరమే వస్తాం. ఇక్కడ ఆవిడ కలం పట్టుకుని కూర్చుంది, ఆవిడకి చెప్పు."

ఫోను స్పీకరులో పెట్టి కౌంటరు మీద ఉంచింది. అధికారిణి ముందుకు వంగింది. గేటు అవతల శిష్యుడు చెయ్యి ఊపడం ఆపేసి ఇటే చూస్తున్నాడు. మామగారు నేల వంక చూస్తున్నారు.

అన్నయ్య ఏమీ అనలేదు. లైను కట్ కాలేదు, అతని ఊపిరి వినబడుతూనే ఉంది. ఈ ఎనిమిది నెలల్లో తను మాట్లాడకపోతే ఎదుటివాళ్ళు ఇలాగే ఎదురుచూస్తూ నిలబడి ఉండి ఉంటారని బొంగరానికి ఇప్పుడు తెలిసింది. ఆమె ఫోను పెట్టెయ్యలేదు.